తెర మీది స్త్రీ – తెర వెనక సంతకం

(తెనాలిలో చేసిన ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



ఏ ఉపాధ్యాయురాలి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆమె జీవితమంతా ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన మనిషి. అలాంటివారికి పొగడ్త కన్నా ప్రశ్నే తగిన నివాళి అనుకుంటాను. ఈ సాయంత్రం నేను తీసుకున్న ప్రశ్న ఇది: తెలుగు సినిమాలో స్త్రీ ఎలా కనిపించాలో ఎవరు తేలుస్తున్నారు?

మామూలుగా మనం తెర మీద ఏముందో చూసి ఊరుకుంటాం. కథానాయిక బట్టలు, పాటల్లో కెమెరా పోకడ, హాస్యం పేరుతో ఆడవాళ్ళ మీద వేసే వెకిలి మాటలు. వీటి మీద కోపం న్యాయమే. కానీ ఆ బొమ్మ తెర మీదికి రాకముందే ఎక్కడో ఒక కాగితం మీద దాని రూపు ఖాయమవుతుంది. పెట్టుబడి కాగితం, నటితో ఒప్పందం, స్క్రిప్టు, కాల్షీటు. వాటి మీద సంతకం ఎవరిదన్నదే అసలు సంగతి. ఇది తేల్చుకోవడానికి మద్రాసుకో హైదరాబాదుకో పోనక్కర్లేదు. కృష్ణ ఒడ్డున చిర్రావూరు నుంచి ఒంగోలు దగ్గర దొడ్డవరం దాకా, మన పత్తి చేలు, మిరప చేల మధ్యనే కావలసినంత సాక్ష్యం ఉంది.

1. ఇద్దరు సత్యభామలు

తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రకు కొలతలు గీసింది చాలాకాలం మగవాళ్ళే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు చంద్రమతిగా, చిత్రాంగిగా, మధురవాణిగా, అన్నిటికీ మించి సత్యభామగా తెలుగు దేశాన్ని ఊపేశారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కళ ముందు ఎవరైనా తల వంచాల్సిందే. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. అలక ఎంతసేపు ఉండాలి, నడకలో ఎంత ఒయ్యారం ఉండాలి, అభిమానం ఎక్కడ లొంగుబాటుగా మారాలి అన్నవి ఒక మగవాడి చూపు ఏరి కూర్చినవి. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు టాకీ మొదలై, సురభి కమలాబాయి లాంటి నటీమణులు తెర మీదికి వచ్చాక పాత్రలో నిజమైన స్త్రీ నిలబడింది. కొలబద్ద మాత్రం పాతదే.

ఆ కొలబద్ద ఎలా పనిచేస్తుందో చూడాలంటే రెండో సత్యభామ దగ్గరికి రావాలి. దుగ్గిరాలలో పెరిగిన జమున గారు 1953లో గరికపాటి రాజారావు గారి 'పుట్టిల్లు'తో సినిమాల్లోకి వచ్చారు. 1957లో 'వినాయక చవితి'లోనూ, 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లోనూ సత్యభామ వేశారు. కృష్ణుడంతటివాడి తలను కాలితో తన్నిన ఆ పొగరుకు జనం చప్పట్లు కొట్టారు. ఈనాటికీ సత్యభామ అంటే తెలుగువాళ్ళ కళ్ళకు కట్టేది ఆమె రూపే.

ఈ రెండు సినిమాల మధ్య కాలంలోనే ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు గార్లు కొన్నేళ్ళ పాటు ఆమె పక్కన నటించలేదు. జమున గారే తర్వాతి కాలంలో ఎన్నో ఇంటర్వ్యూల్లో ఈ సంగతి దాచుకోకుండా చెప్పారు. షూటింగుకు ఆలస్యంగా వస్తుందని, పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటుందని అప్పట్లో వినపడ్డ అభియోగాలు. ఆమె క్షమాపణ చెప్పలేదు. మిగతా హీరోలతో సినిమాలు చేసుకుంటూ నిలబడ్డారు. 1962లో 'గుండమ్మ కథ' నాటికి రాజీ కుదిరింది. 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు కూడా వెళ్ళారు.

ఈ ఉదంతాన్ని సినిమా కబుర్లలో ఒక తగాదాగా చెప్పుకుని నవ్వుకుంటాం. కాస్త ఆలోచించండి. పాత్రలో పౌరుషం ఉంటే కాసులు రాలాయి. అదే పౌరుషం మనిషిలో కనిపిస్తే అవకాశాలు ఆగిపోయాయి. ఒక నటి ఎవరితో నటించాలో తేల్చే అధికారం తోటి నటుల చేతుల్లో ఉంది. అలాంటి అధికారం ఆ రోజుల్లో దాదాపు ఏ నటికీ లేదు. అసమానత అంటే ఇదే.

2. దొడ్డవరం అమ్మాయి

అధికారం చేతికొస్తే ఏమవుతుందో చూపించిన మనిషి భానుమతి గారు. ప్రకాశం జిల్లా దొడ్డవరంలో 1925లో పుట్టారు. 1939లో, కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం ఆధారంగా సి. పుల్లయ్య గారు తీసిన 'వరవిక్రయం' ఆమె మొదటి సినిమా. కట్నం ఇచ్చి కొన్న పెళ్ళి వద్దని ప్రాణం తీసుకునే కాళింది పాత్ర ఆమెది. అంటే చిన్న వయసులో, మరొకరు రాసిన కథలో, చావు తప్ప వేరే నిరసన లేని ఆడపిల్లగా ఆమె మొదలయ్యారు.

అక్కడి నుంచి 1953 దాకా వచ్చి చూడండి. భర్త పి.ఎస్. రామకృష్ణారావు గారితో కలిసి స్థాపించిన భరణీ సంస్థ ఉంది. మద్రాసులో సొంత స్టూడియో ఉంది. ఆ ఏడాది 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఆమే దర్శకత్వం వహించి తీశారు. అందులో ఇద్దరు కవలలుగా ఆమే నటించారు. పాట ఆమెదే, కొన్ని చిత్రాలకు సంగీతమూ ఆమెదే. 'అత్తగారి కథలు' రాసి తెలుగు హాస్యంలో స్థానం సంపాదించుకున్నారు. ఆమె గురించి చెప్పుకునే గర్వం కథలన్నీ ఒక్క విషయం దగ్గర ఆగుతాయి. ఆమె వద్దన్న పని ఆమె చేత చేయించడం ఎవరి తరమూ కాలేదు. 'మిస్సమ్మ' మొదట ఆమెతోనే మొదలైంది. నిర్మాతతో పొసగక ఆమె బయటికి వచ్చారు. అవకాశం పోయినా ఆమె జీవనం ఆగలేదు, ఎందుకంటే మరుసటి రోజు ఆమె వెళ్ళడానికి తన స్టూడియో ఉంది.

భానుమతి గారికి ముందుతరంలో తెనాలి ప్రాంతపు కాంచనమాల గారి సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. 1938లో 'గృహలక్ష్మి', 'మాలపిల్ల', 1942లో 'బాలనాగమ్మ'. ఆమె అందం క్యాలెండర్ల మీదికెక్కింది. చలం గారి కథతో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన 'మాలపిల్ల'లో అంటరానితనం మీద నిలదీసే కథకు ఆమె ముఖమయ్యారు. 'బాలనాగమ్మ' నాటికి ఆమె సంతకం చేసిన ఒప్పందం వివాదంలో పడి, బయట నటించే దారి మూసుకుపోయింది. మానసికంగా దెబ్బతిని తెరకు దూరమయ్యారు. మళ్ళీ ఎప్పటికో 1963లో 'నర్తనశాల'లో ఒక చిన్న పాత్రలో కనిపించారు. అది కూడా సాటి నటి లక్ష్మీరాజ్యం గారు తన సొంత సంస్థలో తీసిన సినిమా కాబట్టి.

ప్రతిభలో ఈ ఇద్దరి మధ్య ఎక్కువ తక్కువలు ఎంచడం నా ఉద్దేశం కాదు. ఒకరు ఒప్పందం రాసే పక్కన ఉన్నారు, ఇంకొకరు ఒప్పందానికి కట్టుబడే పక్కన ఉన్నారు. ఇద్దరి జీవితాలనూ వేరు చేసింది అదే.

3. చిర్రావూరు నుంచి 'చిన్నారి పాపలు'

సావిత్రి గారి పేరు ఎత్తకుండా గుంటూరు జిల్లాలో సినిమా ఉపన్యాసం ముగియదు. భానుమతి గారు వదిలిన 'మిస్సమ్మ' 1955లో చిర్రావూరు పిల్లను శిఖరం ఎక్కించింది. ఆ తర్వాతి కథ మనందరికీ కంఠతా వచ్చు. ప్రేమ, పెళ్ళి, మోసం, మద్యం, కోమా, 1981 డిసెంబరులో మరణం. 2018లో వచ్చిన 'మహానటి' ఆ కథను కొత్త తరానికి అందించింది, కీర్తి సురేశ్‌కు జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది. ఆ సినిమా తీసిన నిర్మాతలు ఇద్దరూ స్త్రీలే.

నేను మీ దృష్టికి తేదలచుకున్నది 1968. ఆ ఏడాది సావిత్రి గారు 'చిన్నారి పాపలు' సినిమాకు దర్శకత్వం వహించారు. నిర్మాణం వీరమాచనేని సరోజిని గారిది, సంగీతం పి. లీల గారిది, కళ మోహన గారిది, నృత్యాలు రాజసులోచన గారివి. ముఖ్య విభాగాలను స్త్రీల చేతుల్లో పెట్టి సినిమా తీయాలన్న ఆలోచన ఆనాటి ప్రపంచంలోనే అరుదు. రాష్ట్ర ప్రభుత్వం నంది పురస్కారం ఇచ్చింది. వసూళ్ళు మాత్రం రాలేదు. ఆ తర్వాత 'మాతృదేవత', 'వింత సంసారం', తమిళంలో 'ప్రాప్తం' వంటివి తీశారు. చేతిలో డబ్బు కరిగిపోయింది.

ఇక్కడ మన సమాజం చూపిన తేడా గమనించండి. మగ నిర్మాతలు, మగ దర్శకులు అప్పులపాలైన ఉదాహరణలు ఎన్నెన్నో. వాళ్ళ గురించి 'సాహసి', 'దెబ్బతిన్నాడు పాపం' అంటాం. సావిత్రి గారి దర్శకత్వాన్ని మాత్రం ఆమె పతనానికి మొదటి మెట్టుగా చెప్పుకుంటాం, ఎందుకు దిగిందో అని నిట్టూరుస్తాం. జీవితచరిత్రల్లోనూ, జ్ఞాపక వ్యాసాల్లోనూ, చివరికి సినిమాలోనూ ఆమె కన్నీళ్ళకు దక్కిన నిడివి ఆమె దర్శకత్వానికి దక్కలేదు. ఆమెను దయనీయురాలిగా ప్రేమించడం మనకు తేలిక. ఆరు సినిమాలకు దర్శకురాలిగా అంచనా వేయడానికే తీరిక లేదు.

4. 1985 అనే సంవత్సరం

ఒంగోలు గాలి నుంచి మరో రకం సినిమా వచ్చింది. ప్రజానాట్యమండలిలో ఎదిగిన ప్రకాశం జిల్లా దర్శకుడు టి. కృష్ణ గారు 1983లో 'నేటి భారతం', 1985లో 'ప్రతిఘటన' తీశారు. 'ప్రతిఘటన'లో విజయశాంతి గారు వేసిన ఝాన్సీ ఒక లెక్చరర్. రౌడీ రాజకీయానికి ఎదురు నిలిచినందుకు నడివీధిలో ఆమె బట్టలు ఊడదీస్తారు. ఊరు చూస్తూ ఊరుకుంటుంది. తరగతి గదిలో పిల్లలు నల్లబల్ల మీద ఆమె బొమ్మ అసభ్యంగా గీస్తే ఆమె ఇచ్చే జవాబు వేటూరి గారి పాటగా, ఎస్. జానకి గారి గొంతుగా ఇంటింటికీ చేరింది. చివరికి గొడ్డలి ఎత్తుతుంది.

ఆ సినిమా చూసి ఎందరో ఆడపిల్లలు తల ఎత్తుకున్నారన్నది నిజం. దానికి ఉన్న హద్దు కూడా చెప్పుకోవాలి. ఝాన్సీకి కోపం వచ్చే అర్హత కలగాలంటే ముందు ఆమెను వీధిలో నిలబెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 'వీరనారి' సినిమాల్లో చాలావాటికి ఇదే సూత్రం. అవమానం పరాకాష్ఠకు చేరితేగానీ స్త్రీకి పగ పట్టే హక్కు లేదు. మగ హీరోకు తండ్రి మాట చాలు, స్నేహితుడి మాట చాలు, ఒక్కోసారి ఊరికే చాలు. జీతం తక్కువ ఇచ్చారని, ఆస్తిలో వాటా అడిగితే నవ్వారని, ప్రమోషన్ రాలేదని కోపం తెచ్చుకునే కథానాయిక మన సినిమాలో ఎంతమంది?

అదే 1985లో మరొకటి జరిగింది. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చింది. ఆ సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. సినిమా నుంచి వచ్చిన ముఖ్యమంత్రి తెచ్చిన ఈ చట్టం మన సినిమాకు కథావస్తువు కాలేదు. ఆడపిల్ల పుట్టింట్లో అన్నను వాటా అడిగే సన్నివేశం వస్తే, ఆమె పక్కన స్వార్థపరుడైన భర్త ఉంటాడు, అన్నయ్య కంట నీరు ఉంటుంది. ప్రేక్షకుడి జాలి అన్నయ్యకే. హక్కు అడిగిన చెల్లెలు విలన్.

ఆ 1985లోనే అమెరికాలో అలిసన్ బెక్డెల్ అనే చిత్రకారిణి తన కామిక్‌లో ఒక చిన్న పరీక్ష పెట్టింది. సినిమాలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, ఆ మాట మగవాడి గురించి కాకుండా వేరే దేని గురించయినా ఉండాలి. ఎంత చిన్న కోరిక! మీ ఇంటికి వెళ్ళి గత ఏడాది చూసిన తెలుగు సినిమాలకు ఈ పరీక్ష పెట్టండి. 2014లో జీనా డేవిస్ సంస్థ పదకొండు దేశాల సినిమాలు పరిశీలిస్తే, మాట్లాడే పాత్రల్లో స్త్రీలు మూడో వంతు కూడా లేరు. భారతీయ సినిమాల్లో దాదాపు నాలుగో వంతే.

5. మిరప కల్లంలో ఎవరున్నారు?

ఈ లెక్కల్లోకి కూడా రాని స్త్రీలు మన చుట్టూ ఉన్నారు. తెలుగు సినిమా పెట్టుబడిలో మన డెల్టా పంటల మిగులుకు పెద్ద వాటా ఉందన్నది చరిత్రకారులు ఒప్పుకున్న మాట. వరి, పొగాకు, పత్తి, మిరప మీద మిగిలిన డబ్బు థియేటర్లయింది, పంపిణీ సంస్థలయింది, నిర్మాణ సంస్థలయింది. ఆ భూముల పట్టాల మీద పేర్లు ఎక్కువగా మగవాళ్ళవి. ఆ భూముల్లో వంగిన నడుములు ఎక్కువగా ఆడవాళ్ళవి.

ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ దాకా మన చేలల్లో మిరప కోస్తున్నది ఎవరు? పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి మేస్త్రి వెంట వచ్చి, చేల పక్కన గుడారాలు వేసుకుని ఉండే ఆడకూలీలు. కల్లంలో కాయ ఆరబెట్టేది, తాలు ఏరేది, గుంటూరు గోదాముల్లో కిలోల లెక్కన తొడిమలు తీసేది వాళ్ళే. ఘాటుకు దగ్గు, చేతుల మంట, చంటిబిడ్డను చీర ఉయ్యాలలో వేసి పని. సమాన వేతన చట్టం వచ్చింది 1976లో. పత్తి తీతలో, కలుపు తీతలో ఆడకూలికీ మగకూలికీ తేడా ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

సినిమా ఈ కల్లాన్ని వాడుకుంది. ఎర్రటి రాశులు కెమెరాకు ఎంత బాగుంటాయో తెలుసు కాబట్టి పాటకు నేపథ్యం చేసింది. 2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' పేరుతోనే పెద్ద సినిమా వచ్చింది. అందులో కారం అంటే హీరో పౌరుషం. ఆ కారం చేతుల నిండా అంటుకుని, రాత్రి అన్నం కలుపుకోలేని ఆడమనిషికి మాట లేదు, పేరు లేదు. 1987లో తెల్లదోమ పత్తిని దెబ్బతీసి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నప్పటి నుంచి రైతు ఆత్మహత్య మన కళల్లోకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కథ ఆ మగవాడి మరణంతో ముగుస్తుంది. అప్పు నెత్తిన పడి, కౌలు కాగితం లేక, పట్టా తన పేరున లేక, పిల్లల్ని పెట్టుకుని మరుసటి పంట వేసే భార్య కథ అక్కడి నుంచి మొదలవుతుంది. దాన్ని తీసేవారు రాలేదు.

ఎందుకు రాలేదు? ఆమె టికెట్టు కొనదని నిర్మాత అనుకుంటాడు. ఆమె భాష రచయితకు రాదు. ఆ ఇంటి నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయికి దర్శకత్వ శాఖలో చోటు దొరకదు. గుంటూరులో పుట్టిన ఓల్గా గారు ఉషాకిరణ్ మూవీస్‌లో స్క్రిప్టుల పని చేశారు. విజయనిర్మల గారు నలభైకి పైగా సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. బి. జయ, నందినీ రెడ్డి గార్ల వంటివారు తర్వాత వచ్చారు. తొంభై ఏళ్ళు దాటిన పరిశ్రమలో దర్శకురాళ్ళ పేర్లు ఇంకా వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితి.

6. తెనాలి శారద గారు విన్న మాటలు

చివరగా ఈ ఊరి ఆడపడుచు దగ్గరికి వస్తాను. తెనాలిలో 1945లో పుట్టిన శారద గారు ఉత్తమ నటిగా మూడుసార్లు జాతీయ పురస్కారం అందుకున్నారు. 'తులాభారం', 'స్వయంవరం' రెండూ మలయాళం. మూడోది తెలుగు 'నిమజ్జనం'. మన అమ్మాయిలో ఎంత నటి ఉందో ముందు కేరళ చూసింది. 1981లో 'న్యాయం కావాలి'లో మోసపోయిన అమ్మాయి పక్షాన వాదించే లాయరుగా ఆమె మనకు గుర్తు. 1996లో తెనాలి నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

2017లో కేరళలో ఒక నటి మీద దాడి జరిగింది. అక్కడి సినీ స్త్రీలు సంఘటితమై ప్రభుత్వాన్ని నిలదీశారు. జస్టిస్ హేమ అధ్యక్షతన ముగ్గురు స్త్రీలతో కమిటీ వేశారు. ఆ ముగ్గురిలో శారద గారు ఒకరు. 2019 డిసెంబరు 31న నివేదిక అందింది. 2024 ఆగస్టు 19న గానీ, అదీ కొన్ని భాగాలు తొలగించి, బయటికి రాలేదు. అందులో లైంగిక వేధింపులు ఉన్నాయి. వాటితో పాటు సెట్లో మరుగుదొడ్డి లేకపోవడం, బట్టలు మార్చుకునే చోటు లేకపోవడం, రాతపూర్వక ఒప్పందం లేకపోవడం, నోరెత్తితే పని పోవడం కూడా ఉన్నాయి. సెట్టు కూడా ఒక పని చోటే. మన మిరప చేలో కూలీ చెప్పే కష్టాలకూ వీటికీ ఎంత దూరముందో మీరే చెప్పండి.

మన దగ్గర 2018లో ఒక నటి ఫిలిం ఛాంబర్ ముందు నిరసన తెలిపాక గొడవ రేగింది. 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో ఉపసంఘం నివేదిక ప్రభుత్వానికి అందింది. దాన్ని ప్రజల ముందు పెట్టమని 2024 ఆగస్టులో సమంత గారు బహిరంగంగా కోరారు. తెనాలి స్త్రీ కూర్చున్న కమిటీ నివేదిక మలయాళీలు చదువుకున్నారు. మన భాషలో మన స్త్రీలు చెప్పుకున్న గోడు మనం కూడా చదవగలగాలి.

నా అభ్యర్థనలు మూడు. ఆ నివేదికను బాధితుల వివరాలు కాపాడుతూ పూర్తిగా వెల్లడించాలి. నటి మొదలు ఎక్స్‌ట్రా ఆర్టిస్టు, డాన్సరు, హెయిర్ డ్రెస్సరు దాకా ప్రతి స్త్రీకీ రాతపూర్వక ఒప్పందం, పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం చెప్పిన ఫిర్యాదుల కమిటీ ప్రతి నిర్మాణ సంస్థలోనూ ఉండాలి. వీటిని పాటించని సినిమాకు రెండు తెలుగు ప్రభుత్వాలూ రాయితీలు, టికెట్ ధరల పెంపు ఇవ్వకూడదు. ప్రభుత్వ ప్రయోజనం పొందుతున్నవారిని ఈ మాత్రం అడిగే హక్కు ప్రజలకు ఉంది.

మూడో అభ్యర్థన ఈ సభలోని విద్యార్థినులకు. సావిత్రి గారి దర్శకత్వం మీద, భానుమతి గారి నిర్మాణ సంస్థ మీద, కాంచనమాల గారి ఒప్పందం మీద తెలుగులో నిలకడైన పరిశోధన రావాలి. మన ఊళ్ళ నుంచి మద్రాసు వెళ్ళి గుంపు పాటల్లో నిలబడి తిరిగొచ్చిన వృద్ధులు ఇంకా ఉన్నారు. వాళ్ళు చెప్పేది ఇప్పుడే రాసుకోకపోతే ఇక దొరకదు. మీ ఊరి మిరప కల్లం కథ మీరు రాయండి, ఫోనుతో అయినా తీయండి. తీసిన దాని మీద మీ పేరు మీరే వేసుకోండి. కథ మీద, పెట్టుబడి మీద, ఒప్పందం మీద స్త్రీ సంతకం లేనంత కాలం, తెర మీద ఎంతమంది దేవతల్ని నిలబెట్టినా దాన్ని ప్రాతినిధ్యం అనలేం.